వీపుల పెళ్లి

ఈమధ్య ఉయ్యూరు చుట్టుపక్కల ఏ పెళ్లికి వెళ్లినా వీపులు చూసి, భోంచేసి రావడమే అవుతోంది. ముందు వరసలో కూర్చున్న సొంత మేనత్తకైనా పెళ్లికొడుకు మొహం కనపడదు. వేదిక మీద వీడియో ఆయన, ఫొటో ఆయన, మామూలు ఫొటో ఆయనంటే గిట్టని క్యాండిడ్ ఫొటో ఆయన, లైటు పట్టుకున్న కుర్రాడు, వీళ్ల సందుల్లోంచి సెల్‌ఫోన్లు ఎత్తిన బావమరుదులు. పెళ్లి చూడాలంటే పక్కనున్న ఎల్‌ఈడీ తెరే గతి. ఆ మాత్రానికి ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. కాకపోతే గోంగూర వడ్డించరు.

ఆ గుంపులో ఎవడైనా ఒక్కడు ఓ పక్కగా మోకాళ్ల మీద కూర్చుని తీస్తుంటే, అతను ఆటల ఫొటోలు తీసి వచ్చినవాడేమో అనుకోవచ్చు. మైదానంలో గీత అవతల, నేలబారున కూర్చుని తీయడం వాళ్ల అలవాటు. ఆట మధ్యలోకి నడిచి వెళ్లే వీల్లేదు, వెనక టిక్కెట్టు కొన్నవాడికి అడ్డం రాకూడదు. పెళ్లి పందిట్లో గీత గీసేవాడు లేడు. వచ్చిన చిక్కంతా అదే.

ఆటల ఫొటోగ్రాఫర్ పెళ్లిళ్లకి రావడం సరదాకేం కాదు. 2002 నవంబరు 24న విజయవాడ ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే జరిగింది. మార్లన్ శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, మనవాళ్లు 135 పరుగుల తేడాతో ఓడారు, సిరీస్ కూడా పోయింది. అలాంటి రోజులు ఎప్పుడో గానీ రావు. మిగతా కాలమంతా కబడ్డీ, వాలీబాల్, సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు. వాటితో పెద్ద లెన్సు వాయిదాలు తీరవు. అతని అసలు సీజను పంచాంగంలో ఉంటుంది: మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం. మూఢం వస్తే కెమెరా బీరువాలోకి.

పని తెలిసినవాడికి పెళ్లీ ఆటలాగే కనిపిస్తుంది. బంతి ఎటు పడుతుందో బౌలర్ భుజంలో చూసినట్టు, కూతకొచ్చినవాడు ఎటు దూకుతాడో మడమలో చూసినట్టు, ఇక్కడ సన్నాయి ఆయన్ని చూడాలి. సుముహూర్తమంటే తాళి కాదు, జీలకర్ర బెల్లం. అది ఏ రాత్రి రెండింటికో పడుతుంది. మధ్యన తెర. తమలపాకులో పెట్టిన ముద్ద వేళ్ల మధ్య అప్పటికే కరిగి మణికట్టుకి కారుతుంటుంది. పురోహితుడు చేతి గడియారం చూసుకుంటాడు. సన్నాయి ఆయన ఆ పురోహితుడి చూపుడువేలునే చూస్తూ గుండెల నిండా గాలి పీలుస్తాడు. డోలు ఆయన కర్ర లేస్తుంది. గట్టిమేళం మొదలయ్యాక నొక్కితే ఆలస్యమైపోయినట్టే. సన్నాయి ఆయన బుగ్గలు ఉబ్బినప్పుడే నొక్కాలి.

అంత కష్టం ఎందుకు, ఇంకోసారి చేయిస్తే పోలా? చేయిస్తున్నారు. "బాబూ, ఆ మూడో ముడి మళ్లీ ఒకసారి. ఇటు చూసి, కాస్త నవ్వుతూ." పురోహితుడు కూడా మంత్రం ఆపి ఎదురుచూస్తున్నాడు.

ఆటలో ఈ 'మళ్లీ ఒకసారి' కుదరదు. 1965 మే 25న అమెరికాలో లూయిస్టన్ అనే చిన్న ఊళ్లో మహమ్మద్ అలీ తొలి రౌండులోనే సన్నీ లిస్టన్‌ని పడగొట్టాడు. పడ్డవాడి మీద నిలబడి, మోచెయ్యి మడిచి అరుస్తున్న అలీ ఫొటో అందరికీ తెలిసిందే. తీసినవాడు నీల్ లైఫర్, అప్పటికి 22 ఏళ్లవాడు. ఆ బొమ్మలో అలీ కాళ్ల సందులోంచి అవతల ఇంకో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. పేరు హెర్బ్ షార్ఫ్‌మన్, చెయ్యి తిరిగినవాడు, లైఫర్ కంటే చాలా పెద్ద. ఆయనకి దక్కింది అలీ వీపు. మన కల్యాణమండపంలో అయితే "అలీగారూ, ఒక్కసారి ఇటు తిరగండి" అని ఉండేవాడు. లిస్టన్‌ని మళ్లీ పడుకోబెట్టేవాళ్లు కూడా.

ఇక తలంబ్రాలు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యానికి ఓ బరువుంది. దోసిట్లోంచి జారితే గింజ గింజ ఓ దారిన పోతుంది, సెకనులో వెయ్యోవంతు షట్టరుకి గాల్లో ముత్యంలా ఆగుతుంది. ఇప్పుడు వాటిలో సగం రంగురంగుల థర్మోకోల్ ఉండలు. పొయ్యబోతే చేతికి అంటుకుంటాయి, ఫ్యాను గాలికి వెనక్కి తిరుగుతాయి. పెళ్లికొడుకు మీద పోసినవి పెళ్లికొడుకు మీద పడవు. పెళ్లికూతురి జడలో ఇరుక్కున్నవి అప్పగింతల దాకా ఉంటాయి. కృష్ణా డెల్టాలో, చుట్టూ మాగాణి, రైసు మిల్లులు ఉన్నచోట తలంబ్రాలకి బియ్యం కరువొచ్చిందా? పైగా మర్నాడు ఆ ఉండలు మండపం వెనక కాలవలో తేలుతుంటాయి. పెళ్లికొడుకు విసురులో బలం ఉందో లేదో థర్మోకోల్‌తో ఎవడికి తెలుస్తుంది? బియ్యమైతే అవతల మొహం చెప్పేది, చురుక్కుమని.

బిందెలో ఉంగరం తీసే ఆట ఒక్కటే ఇంకా నిఖార్సుగా ఉంది. మోచేతుల దాకా నీళ్లలో చేతులు, పైకి మర్యాద, లోపల గోళ్లు. దాన్ని మళ్లీ ఆడించమని ఏ ఫొటోగ్రాఫరూ అడగలేడు, ఓడినవాళ్లు ఒప్పుకోరు.

ఉయ్యూరులో ఇంకొకటుంది. వీరమ్మ తల్లి తిరునాళ్లు మాఘమాసంలో, భీష్మ ఏకాదశి నాడు మొదలై 15 రోజులు సాగుతాయి. అందులో శిడిబండి రోజున పెళ్లికొడుకుని, శిడిమాను అనే పొడవాటి కొయ్యకి కట్టిన శిడిబుట్టలో కూర్చోబెట్టి పైకి లేపుతారు. కింద నుంచి జనం అరటికాయలు విసురుతారు. ఇసుక వేస్తే రాలని జనంలో మెడ వెనక్కి వంచి తీయాలి. కాయ గాల్లో ఉండాలి, కుర్రాడి మొహం కనపడాలి, శిడిమాను అడ్డం రాకూడదు. ఇంకోసారి విసరమని ఎవరిని అడుగుతాడు? పక్కనున్నాయన అప్పటికే రెండో కాయ ఎత్తి, "తప్పుకో అబ్బాయ్" అంటుంటాడు.