వంక దారి వంకదే

హైదరాబాదు - బెంగళూరు జాతీయ రహదారి మీద అనంతపురం దాటి దక్షిణంగా కొద్ది దూరం పోగానే రాప్తాడు వస్తుంది. బస్సు కిటికీలో నుండి చూచేవారికి ఇక్కడ పెద్దగా కనబడేదేమీ లేదు. ఎర్ర నేల, శనక్కాయ చేలు, బీళ్లు, దూరాన బోడి గుట్టలు. "కరువు సీమ" అని ఒక్క మాట అనుకొని కళ్లు మూసుకొంటారు. అయితే రహదారి దిగి, బండి బాటను కూడా విడిచి, ఆ గుట్టల మీదికి కాలినడకన ఎక్కి చూచినవారికి ఈ నేల వేరే సంగతి చెప్తుంది. అది చెప్పే సంగతి కరువును గూర్చి కాదు, నీటిని గూర్చి.

ఎండ తగ్గిన రోజులలో, నవంబరు మొదలు జనవరి వరకు, తీరిక దొరికినప్పుడు ఒక్కడినే ఈ గుట్టలలో తిరగడం నాకు అలవాటు. గుడ్డ సంచిలో నాలుగు రొట్టెలు, రెండు పెద్ద సీసాల నీళ్లు, చేతిలో ఒక కర్ర. దారి లేని చోట నడవడంలో ఒక మేలున్నది. దారి ఉంటే దాన్ని వేసినవారు మన కొరకు ముందే ఆలోచించి పెట్టారు. అది లేనప్పుడు ప్రతి అడుగుకూ నేలను చూడాలి, వాలును చూడాలి, రాయిని చూడాలి. అలా చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి.

గుట్టలు ఎలా నిలిచాయి?

మన జిల్లా అడుగున ఉన్న రాయి చాలా పాతది. దాని వయస్సు 250 కోట్ల సంవత్సరాలకు పైబడినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్తారు. ఆ పాత రాయిలో పగుళ్లు వచ్చినప్పుడు లోపలి నుండి కరిగిన రాతి ముద్ద పైకి వచ్చి గోడలాగా గట్టిపడింది. చుట్టూ ఉన్న రాయి ఎండకూ వానకూ అరిగిపోగా ఈ నల్లరాతి గోడలు చాలాచోట్ల మిగిలి నిలిచాయి. అందుకే మన ప్రాంతంలో కొన్ని తిప్పలు గీత గీసినట్లు తిన్నగా, నల్లగా, మైళ్ల తరబడి పోతూ కనబడతాయి. బావులు త్రవ్వేవారికి వీటితో పని ఉన్నది. భూమి లోపల ఈ గోడ నీటికి అడ్డుకట్టలాగా నిలుస్తుంది గనుక, ఎగువ వైపు బావిలో నీరున్నా, గోడకు అవతల వైపు బావి ఎండిపోయి ఉండవచ్చు.

నడిచేవారికి కూడా ఈ తేడా తెలియాలి. నల్లరాతి తిప్ప మీద రాళ్లు చిన్నవి, విడివిడిగా ఉంటాయి, కాలి క్రింద దొర్లుతాయి. తెల్లని గుండ్ల గుట్ట మీద రాయి కదలదు గాని, గుండుకూ గుండుకూ మధ్య సందులుంటాయి. ఆ సందులలో తేలు ఉండవచ్చు, రక్తపింజరి ఉండవచ్చు. చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టాలి. బోద గడ్డి మోకాలెత్తు పెరిగిన చోట కర్రతో తట్టుకొంటూ పోవాలి.

వెన్ను మీద ఎక్కాలి, జాగ్రత్తగా దిగాలి

గుట్టకు రెండు వాలులు కలిసే చోటును వెన్ను అందాము. రెండు వెన్నుల నడుమ వాన నీరు కోసిన లోతే వంక. ఈ రెంటికీ ఒక విచిత్రమైన నియమమున్నది. పైకి ఎక్కేటప్పుడు వెన్నులన్నీ ఒకదానితో ఒకటి కలుస్తూ పోయి చివరికి ఒక్క శిఖరం దగ్గరకు చేరుస్తాయి. గనుక ఎక్కేవాడు సాధారణంగా దారి తప్పడు. అదే వెన్ను మీద దిగేటప్పుడు అది రెండుగా, నాలుగుగా చీలుతుంది. ఒక్క చీలిక తప్పుగా పట్టుకొంటే, ఒక ఊరికి రావలసినవాడు గుట్టకు అవతల ఇంకొక ఊరికి చేరుకొంటాడు. అందుచేత ఎక్కేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా వెనుకకు తిరిగి చూచుకోవాలి. దిగేటప్పుడు కనబడబోయేది ఆ వెనుకవైపు చూపే.

వంకల సంగతి దీనికి తలక్రిందులు. దిగేకొద్దీ అవి ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవవుతాయి. మన సీమలో ఆ వంకను పట్టుకొని పోతే సాధారణంగా ఒక కుంటో చెరువో తగులుతుంది. చెరువు ఉన్నచోట ఊరుంటుంది. అయితే వంక లోపల దిగి నడవరాదు, దాని ఒడ్డున నడవాలి. లోపల ఎక్కడో ఒకచోట ఇద్దరు మనుషులెత్తు బండ అడ్డం వస్తుంది. దూకితే మరల ఎక్కలేము. ఒడ్డు మన్ను కూడా మెత్తనిది. క్రింద నీరు కోసుకొనిపోగా పైన పెచ్చులాగా వ్రేలాడుతుంది గనుక మరీ అంచున నిలువరాదు.

ఒకసారి రాప్తాడుకు దక్షిణాన ఒక గుట్ట వాలులో గొర్రెలు మేపుకొంటున్న ఒక పెద్దాయన ఎదురయ్యాడు. భుజం మీద గొంగళి, చేతిలో పొడుగాటి కర్ర.

"యాడికి సార్, ఒక్కరే పోతాండారు?"

"ఊరికే, గుట్ట చూద్దామని, పెద్దాయనా."

"దావ ల్యాకుండానా?"

"దావ లేకపోతే పోకూడదా?"

ఆయన నవ్వాడు. "ఎందుకు పోగూడదు? నీళ్లకి ఒక దావ ఉంది, గొర్రెకి ఒక దావ ఉంది. ఆ రెండూ చూసుకోని పోవల్ల. గొర్రె దావన నడిస్తే కాలు జారదు. నీళ్ల దావలో మాత్రం కూకోగూడదు, పండుకోగూడదు. వంక ఎండింది గదా అనుకుంటాము. వాన యాడో పడతాది, నీళ్లు ఈడికొస్తాయి. అది మనకు చెప్పి రాదు."

ఎండిన వంకకే భయపడాలి

ఆ పెద్దాయన మాట ఎంత నిజమో 2024 అక్టోబరులో మన జిల్లా కళ్లారా చూచింది. అక్టోబరు 21 రాత్రి కనగానపల్లి, రాప్తాడు ప్రాంతాలలో భారీ వర్షం కురిసింది. కనగానపల్లి చెరువుకు గండి పడింది. ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి కనబడే పండమేరు వంక 22 తెల్లవారేసరికి పొంగి పొరలింది. అనంతపురం దగ్గర దాని ఒడ్డున ఉన్న కాలనీలు నీట మునిగాయి. కట్టుబట్టలతో బయటపడిన కుటుంబాలు ఎన్నో. కరువు జిల్లాలో వరద ఏమిటని దూరపువారు ఆశ్చర్యపోయారు.

ఆశ్చర్యపడవలసినది లేదు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అవతలనే ఆపుతాయి. ఈశాన్య వానలు తూర్పు తీరం నుండి ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడతాయి. అందుకే మనకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లే. గాని ఆ కొద్దిపాటి వాన కూడా ఏడాది పొడుగునా సమానంగా పడదు. కొన్ని రోజులలో, కొన్ని గంటలలో కుమ్మరించి పోతుంది. చెట్టు లేని గుట్ట మీద పడిన నీరు నిలువక ఒక్క ఉరుకున వంకలో పడుతుంది.

మన పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. ఇదే పండమేరుకు 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్ట వేయించాడని చరిత్ర చెప్తుంది. బుక్కరాయసముద్రం, అనంతసాగరం అప్పుడు వెలసినవే. ఆ చెరువు కట్ట తెగబోతే ఊరి కొరకు ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను ఇక్కడివారు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. దానినే కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో "ముసలమ్మ మరణము" అనే కావ్యంగా వ్రాశారు. కరువు నేలలో పుట్టిన కథ వరదను గూర్చినది కావడం గమనించండి.

ఇతర దేశాలలోనూ ఎండు నేలల తీరు ఇదే. 1997 ఆగస్టు 12న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఆంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయను చూడబోయినవారిలో 11 మంది కొట్టుకొనిపోయారు. వాన కురిసినది ఎన్నో మైళ్ల అవతల. 2018 ఏప్రిల్ 26న ఇశ్రాయేలులో, మృత సముద్రానికి దగ్గరగా ఉన్న త్సఫిత్ అనే ఎండు వాగులో నడుస్తున్న 10 మంది యౌవనులు ఇలాగే చనిపోయారు. ఇసుక మీద కట్టబడిన ఇంటి ఉపమానం మనమందరం చిన్ననాటి నుండి విన్నదే. అది చెప్పబడిన దేశం కూడా ఎండు వాగుల దేశమే. విన్నవారికి ఆ ఇసుక ఎక్కడిదో, ఆ వరద ఎలా వస్తుందో విడమరచి చెప్పనక్కరలేదు.

గుట్ట పచ్చబడితే

గుట్ట మీద నడిచేటప్పుడు వంకల గోడలను చూడండి. ఒక్కొక్కచోట తంగేడు వేళ్లు, బలుసు వేళ్లు గాలిలో వ్రేలాడుతుంటాయి. వాటిని పట్టుకొని ఉండిన మన్ను ఏమైనది? క్రింది చెరువులో పూడికగా చేరింది. గుట్ట తన మన్నును పోగొట్టుకొంది, చెరువు తన లోతును పోగొట్టుకొంది.

దీనికి మందు లేకపోలేదు. రాప్తాడుకు దక్షిణాన, చెన్నేకొత్తపల్లి దగ్గర, 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 32 ఎకరాల బీడుతో పని మొదలుపెట్టింది. తరువాత చుట్టుప్రక్కల గ్రామస్థులతో కలిసి కల్పవల్లి అనే పేరుతో వేల ఎకరాల బోడి గుట్టలను కాపాడింది. వారు చేసినది ముఖ్యంగా రెండు పనులు: గడ్డికి నిప్పు అంటకుండా చూడటం, మోడుల మీద గొడ్డలి పడకుండా చూడటం. నేలలో బ్రతికి ఉన్న వేళ్ల నుండి చెట్లు తిరిగి లేచాయి. గడ్డి నీటిని నిలిపింది. తోడేళ్లు, జింకలు కూడా అక్కడికి చేరుకొన్నాయి. మన ఊరి గుట్టకు కూడా నిప్పు పెట్టకుండా నాలుగేళ్లు కాపాడితే తేడా కనబడుతుంది.

ఒంటరిగా పోయేవారికి

ఇది చదివి యౌవనులెవరైనా గుట్టలెక్కాలని తలిస్తే సంతోషమే. గాని కొన్ని మాటలు మరువవద్దు. ఏ గుట్టకు పోతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంటివారితో చెప్పి పోండి. 2003 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా ఒక ఇరుకు లోయలో దిగాడు. పెద్ద రాయి ఒకటి కదిలి అతని చేతిని బండకు అదిమివేసింది. అయిదు రోజులకు పైగా అక్కడే చిక్కుకొని, చివరకు తన చేతిని తానే కోసుకొని ప్రాణాలతో బయటపడ్డాడు. ఎక్కడికి పోయాడో ఎవరికైనా తెలిసి ఉంటే వెదకడానికి వెళ్లేవారు గదా! సెల్‌ఫోన్ ఉన్నదని ధైర్యపడవద్దు. వెన్ను మీద పలికే ఫోన్ వంకలో పలకదు.

రిజర్వు అడవి అయితే అటవీశాఖవారి అనుమతి లేకుండా పోరాదు. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే గుట్టలలో తెల్లవారుజామున, సందె వేళ ఉండరాదు. బండ చూరులో పెద్ద తేనెపట్టు కనబడితే చప్పుడు చేయక తొలగిపోవాలి. మార్చి నుండి మే వరకు మధ్యాహ్నపు ఎండలో గుట్ట జోలికి పోకపోవడమే మంచిది. నీళ్లు సగం అయిపోయినప్పుడు ఎంత దూరంలో ఉన్నా వెనుదిరగాలి. దూరాన ఉరుము వినబడితే, మన నెత్తిన ఆకాశం తేటగా ఉన్నా సరే, వంక వదిలి మిట్ట ఎక్కాలి.

ఇవి గుట్టలెక్కేవారికి మాత్రమే చెప్పే మాటలు కావు. ఇంటి స్థలం కొనబోయే కుటుంబాలు, పశువులను తోలే పిల్లలు, వాన రాత్రి వాగు దాటబోయే ప్రయాణికులు, అందరూ వినవలసినవి. చవకగా వస్తున్నదని స్థలం కొనే ముందు ఒక్క పని చేయండి. దగ్గరలోని మిట్ట ఎక్కి, చుట్టూ వాలు ఎటు పోతున్నదో చూడండి. ఊరిలోని వృద్ధులను అడగండి: "పెద్ద వాన వచ్చిన ఏడు నీళ్లు ఎటు పారినాయి?" అని. కాగితంలో ఆ స్థలం మన పేరిట ఉండవచ్చు. పదేళ్లు, ఇరవై ఏళ్లు వంక ఎండిపోయి పడి ఉండవచ్చు. అయినా దాని దారి దానిదే. దాని దారిని దానికి విడిచి, మిట్టన ఇల్లు కట్టుకొన్న కుటుంబం వాన రాత్రి కూడా నెమ్మదిగా నిద్రపోతుంది.