నాలుగు దీపాలు ఒకేసారి వెలిగితే

అక్కలూ, చెల్లెళ్ళూ, కారు డాష్‌బోర్డు మీద ఏబీఎస్, స్టీరింగ్, చెక్ ఇంజిన్ దీపాలు ఒక్కసారే వెలిగితే గుండె ఝల్లుమంటుంది కదా. నాలాగా నైట్ డ్యూటీలకి ఒంటరిగా నడుపుకుంటూ వెళ్ళేవాళ్ళకైతే మరీను. కానీ అన్ని భాగాలూ కూడబలుక్కుని ఒకేరోజు పాడవడం అరుదు. చాలాసార్లు వాటి మధ్య మాటలు ఆగిపోయి ఉంటాయి.

ఇప్పటి కార్లలో ఇంజిన్‌కి, బ్రేకులకి, స్టీరింగ్‌కి, ఎయిర్‌బ్యాగులకి వేరే వేరే చిన్న కంప్యూటర్లు ఉంటాయి. ఒక్కోదానికీ విడిగా వైరు లాగితే కారు నిండా వైర్లే. అందుకే బాష్ కంపెనీ 1986లో క్యాన్ అనే పద్ధతి తెచ్చింది. మెలితిప్పిన రెండు వైర్లు, అందరూ వాటి మీదే మాట్లాడుకోవాలి. అచ్చం మన గ్రూపే! చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో బ్రేకుల కంప్యూటర్ ఒక్కసారి చెబితే అందరికీ వినబడుతుంది. కావలసినవాళ్ళు తీసుకుంటారు. ఆ మాట వినబడకపోతే తలా ఒక దీపం వెలిగిస్తారు.

ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే? ప్రతి సందేశానికీ ఒక నంబరుంటుంది, చిన్న నంబరుదే ముందు. పెద్ద నంబరువాళ్ళు ఆగి, తర్వాత మళ్ళీ చెబుతారు. మా వార్డులో ఎమర్జెన్సీ పిలుపొస్తే మిగతా కబుర్లు ఆగిపోయినట్టే. (మన గ్రూపులో ఈ పద్ధతి ఒక్కటే లేదు!)

మొన్న చలికాలంలో నా కారు ఇలాగే దీపావళి చేసింది. ఒక షాపులో ఏబీఎస్ మాడ్యూల్ మార్చాలి, 1,400 డాలర్లు అన్నారు. పైగా "మీవారిని తీసుకురండి, ఆయనకి చెబుతాం" అని. నాకే చెప్పండి, కోడ్ ఏం వచ్చింది అని అడిగాను. యూ అక్షరంతో మొదలయ్యే కోడ్. అంటే మాట అందలేదని, ఆ భాగమే పోయిందని కాదు.

వేరే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బ్యాటరీ కనెక్షన్ తీసి, స్టీరింగ్ కింద ఉండే ప్లగ్గులో 6, 14 పిన్నుల మధ్య మీటరు పెట్టారు. ఆ వైర్ల రెండు చివర్లా చెరో 120 ఓముల రెసిస్టర్ ఉంటుంది, రెండూ కలిసి 60 చూపాలి. 120 చూపించింది. ఒక చివర తెగిందన్నమాట. హుడ్ కింద వెతికితే ఎలుక కొరికిన వైరు! 180 డాలర్లతో పోయింది.

మీకు ఎర్ర దీపం వెలిగినా, స్టీరింగ్ బరువెక్కినా ముందు బండి పక్కకి ఆపండి. పసుపు దీపాలు గుంపుగా వస్తే కోడ్ కాగితం మీద రాయించుకోండి. బ్యాటరీ బలహీనమైనా ఈ కంప్యూటర్లు మూగబోతాయి, అందుకని మొదట అది చూడమనండి. ఆ తర్వాత ఏ మాడ్యూలో మార్చాలంటే, "వైర్లు, ఎర్త్ చూశారా? మీటరు ఎంత చూపించింది?" అని అడగండి.