దింపు డబ్బు అమ్మ ఖాతాలోనే

ఒంట్లో ఓపిక తగ్గగానే కొబ్బరితోట పిల్లల పేర రాసేయడం మా కోనసీమలో మామూలు. నాన్న పోయాక అమ్మ కూడా అదే మాటంది. నేనూ, తమ్ముడూ, చెల్లీ కూర్చుని మాట్లాడుకుని వద్దన్నాం. అంబాజీపేట వైపున్న ఆ తోట అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మ పేరే ఉంటుంది. తర్వాత ఎవరికేం చెందాలో వీలునామాలో ఉంది. వీలునామాని ఆవిడ రేపు మార్చుకోవచ్చు. దాన సెటిల్మెంటు రిజిస్టరైపోతే మనసు మారిందని ఒంటిచేత్తో రద్దు చేసుకోలేరు.

కాయ దింపించేదీ లెక్క చూసేదీ తమ్ముడే. వర్తకుడిచ్చే సొమ్ము మాత్రం నేరుగా అమ్మ ఖాతాలో పడుతుంది, దింపు కూలీ, ఎరువుల ఖర్చు అందులోంచే పోతాయి. తమ్ముడు మొదట నొచ్చుకున్నాడు. ఇది వాడి మీద అపనమ్మకం కాదు. "కళ్లజోడు మార్చుకోవాలన్నా అడగాలంటే నోరు రాదే" అని అమ్మ ఓసారి చెల్లితో అంది. కన్నకొడుకుని అడగడానికి మొహమాటమేమిటని మనకి అనిపిస్తుంది. అడగాల్సిన వయసులో ఉన్నవాళ్లకి అలా అనిపించదు.

తర్వాత అమ్మకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆసుపత్రి ఖర్చు మేం ముగ్గురం పంచుకున్నాం. అసలు ఖర్చు ఇంటికొచ్చాక మొదలైంది. డెబ్భై దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వైద్యం 2024 అక్టోబరులో వచ్చింది, అది చాలా మంచి పని. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకి. ఇంట్లో మంచం మీద గడిచే ఏళ్లకి, ఒళ్లు తుడిచే మనిషికి, అది పనికిరాదు. ప్రభుత్వం పూర్తిగా మంచాన పడ్డవాళ్లకి నెలకి 15,000 పింఛనిస్తోంది గానీ, ఉద్యోగం చేసి విరమించిన మాలాంటి ఇళ్లకి అది రాదు, రాకూడదు కూడా.

అమ్మ డబ్బుతోనే స్నానాలగది గుమ్మం వెడల్పు చేయించాం, గోడకి పట్టుకునే కడ్డీలు వేయించాం, జారని పలకలు పరిపించాం. పగలంతా కనిపెట్టుకుని ఉండడానికి ఒకావిడని పెట్టుకున్నాం. కొడుకుల చేత స్నానం చేయించుకోవడమంటే అమ్మ కుచించుకుపోయేది. ఇప్పుడా బాధ లేదు. ఆవిడ జీతం నెలనెలా అమ్మే తన కుడిచేత్తో ఇస్తుంది. అన్ని ఖర్చుల్లోకీ ఇదే పెద్దది, తప్పకుండా పెట్టాల్సిందీ ఇదేనని నా అభిప్రాయం.

అదంతా చూశాకే నా సంగతీ తేల్చుకున్నాను. బడి ఉద్యోగం విరమించినప్పుడు వచ్చిన దానిలో 15 లక్షలు రాజోలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేశాను. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. అబ్బాయి ఫ్లాటుకి అడిగితే మిగిలినదాంట్లోంచి ఇచ్చాను, ఇది కదపలేదు.

ఆస్తి రాయక తప్పనివాళ్లకి నేను చెప్పేదొకటే. పోషణా వైద్యమూ చూడాలన్న షరతు, బతికున్నన్నాళ్లూ అనుభవించే హక్కు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, చూడకపోతే ఆ దస్తావేజు చెల్లదని ఆర్డీఓ దగ్గరున్న ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. ఆ షరతు లేకపోతే ఈ సెక్షన్ ఆదుకోదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టాన్ని పెద్దలకి మేలు జరిగేలా చదవాలని 2025 జనవరిలో అదే కోర్టు ఇంకో తీర్పులో అంది. అయినా కాగితం మీద మాట ఉంటే ఆ వయసులో వాదించుకునే శ్రమ తగ్గుతుంది.

అమ్మని చూసుకునే ఆవిడకి ముప్పై తొమ్మిదేళ్లు, సెంటు భూమి లేదు. అటల్ పెన్షన్‌లో నలభై దాటితే చేర్చుకోరు. ఈ నెలే బ్యాంకుకి తీసుకెళ్లి చేర్పించాం. నెలనెలా కట్టాల్సింది జీతం మీద అదనంగా అమ్మే ఇస్తానంది.