వీపున డ్రోన్, డబ్బాలో పులిహోర

డెన్వర్, రాత్రి పదకొండు

అక్కా,

నీ తమ్ముడు డెన్వర్ చేరాడు. సామాను కూడా చేరింది. ఓపిక మాత్రం డాలస్‌లో విమానం గేటు దగ్గరే అయిపోయింది.

చవకని రూమ్మేట్ బుక్ చేసిన విమానం అది. గేటు దగ్గరి అమ్మాయి అతని వీపు సంచిని ఇనుప చట్రంలో పెట్టి చూడమంది. పట్టలేదు. టికెట్‌కు పెట్టినంత డబ్బు సంచికీ కట్టమంది. "ఇదేం బేరం" అని అతను, "టికెట్ మీదే రాసుంది" అని ఆమె. వెనక లైను పెరిగిపోతోంది. చివరికి అతను కార్డు గీకాక, సంచి కింద సామాన్లలోకి పోతుందని చెప్పింది. అసలు తంటా అక్కడ వచ్చింది. విడి లిథియం బ్యాటరీలను అమెరికాలో చెక్-ఇన్ లగేజీలో వేయనివ్వరు. గేటు దగ్గర ఆఖరి నిమిషంలో సంచి తీసుకున్నా, వాటిని బయటికి తీసి మనిషి వెంటే ఉంచాలి. క్యాబిన్‌లో అంటుకుంటే సిబ్బంది ఆర్పుతారు. కింద అంటుకుంటే చూసేదెవరు?

అతనిది డ్రోన్ కోసమే కుట్టిన సంచి. లోపల డ్రోన్ ఆకారానికి కోసిన ఫోమ్, దాని అడుగున బ్యాటరీలు. పాపం, అందరూ చూస్తుండగా నేల మీద చతికిలబడి డ్రోన్, రిమోట్, రెక్కలు, చివరికి బనియన్లు కూడా పరిచాడు. నీ తమ్ముడి బ్యాటరీలు పై జేబులో చిన్న పౌచ్‌లో ఉన్నాయి. ఒక్క చెయ్యి చాలింది. (గర్వం అనుకుంటే అనుకో.) బ్యాటరీ వంద వాట్-అవర్లు దాటకపోతే విమాన సంస్థ అనుమతి అక్కర్లేదు, కొసలు ఒకదానికొకటి తగలకుండా కప్పుకుంటే సరి. నీ తమ్ముడి డ్రోన్ మినీ 4 ప్రో బ్యాటరీ 19 వాట్-అవర్లలోపే, రూమ్మేట్ డ్రోన్ మావిక్ 3ది 77.

నువ్వు పంపిన ఆవకాయ డాలస్‌లోనే ఫ్రిజ్‌లో ఉండిపోయింది. తనిఖీ వాళ్లకు అది ద్రవం కింద లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో రానివ్వరు. కందిపొడి పొట్లం మాత్రం వెంట వచ్చింది.

సాయంత్రం ఇద్దరూ ఆర్ఈఐ అనే కొండనడక సామాన్ల దుకాణానికి వెళ్లారు. 1901 నాటి ట్రామ్ కంపెనీ విద్యుత్ కేంద్రాన్ని కొట్టుగా మార్చారు. అక్కడి కుర్రాడు సంచి చూపించే ముందు రూమ్మేట్‌ను తల వంచమని, మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు దాకా టేపు పెట్టి కొలిచాడు. మనిషి ఎత్తుతో పని లేదట, వీపు పొడవుతోనే పని. తర్వాత సంచిలో బరువులు వేసి దుకాణంలో నడిపించాడు. నడుం బెల్టు బిగించగానే భుజాల మీది బరువు తుంటి మీదికి దిగుతుంది. కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన 1952లో అల్యూమినియం చట్రంతో సంచులు చేసి అమ్మడం మొదలుపెట్టాక ఈ సౌకర్యం మామూలు నడకవాళ్లకూ అందింది. రూమ్మేట్ అంతా విని, ఉన్న సంచి చాలన్నాడు. గేటు దగ్గర కట్టిన డబ్బు ఇంకా మండుతున్నట్టుంది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? డాక్టర్ చెప్పిన వ్యాయామం చేస్తోందా, చేస్తున్నానని చెబుతోందా?


మోయాబ్, యూటా. మధ్యాహ్నం, ఏసీ కింద

అక్కా,

ఎండ. మన తణుకులో రోహిణి కార్తె అయినా చెమట పడుతుంది, ఇక్కడ పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు పోతున్నాయని తెలిసేలోగా తల తిరుగుతుంది.

ఇక్కడి నేషనల్ పార్కులో డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం చూశారు. బాగుంది.

దారి సంగతి చెప్పాలి. రానూ పోనూ మూడు మైళ్లు, 480 అడుగుల ఎక్కుడు, ఎక్కడా నీడ లేదు. ఒక్కొక్కరు రెండు లీటర్ల నీళ్లయినా మోయాలి, అంటే రెండు కిలోలు. రూమ్మేట్ మావిక్ 895 గ్రాములు, రెండు విడి బ్యాటరీలు కలిపి 670, రిమోట్‌తో దగ్గర దగ్గర రెండు కిలోలు. ఖాళీ సంచి ఇంకో రెండు కిలోలు. అందులో నీళ్ల సీసాకు పక్క జేబు ఒక్కటే! రెండో సీసా చేత్తో పట్టుకుని నడిచాడు, రాళ్ల దగ్గర పట్టు కోసం ఆ చెయ్యే కావాల్సి వచ్చింది. మినీ వాళ్ల పని హాయి. డ్రోన్ 249 గ్రాములు, మొత్తం సరంజామా కిలో లోపే.

ఇంతా మోసి ఎగరేశారా అని బావగారు అడుగుతారు. లేదు. 2014 జూన్‌లో నేషనల్ పార్క్ సర్వీస్ తన పార్కులన్నిటా డ్రోన్ ఎగరేయడం నిషేధించే ఆదేశం ఇచ్చింది. మీరితే ఆరు నెలల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా. ఆ ఆగస్టులోనే ఎల్లోస్టోన్ పార్కులో ఒక విదేశీ యాత్రికుడి డ్రోన్ గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే వేడినీటి బుగ్గలో పడింది. జరిమానా, నష్టపరిహారం కలిపి 3,000 డాలర్లకు పైగా కట్టాడు. అంతకు ముందు ఏప్రిల్‌లో జయాన్ పార్కులో డ్రోన్ మోతకు కొండగొర్రెల మంద బెదిరి, పిల్లలు తల్లుల నుంచి చెదిరిపోయాయి. ఆ తల్లుల మాట వింటే నిషేధం న్యాయమే అనిపిస్తుంది.

అంటే ఈ దేశంలో డ్రోన్ సంచి ఎక్కువసేపు మూసే ఉంటుంది. మోసేది రోజంతా, తెరిచేది పావుగంట. సంచి ఎంచుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఈ లెక్క. దుకాణాల ప్రకటనల్లో మాత్రం తెరిచిన సంచే కనబడుతుంది.

ఇక తిండి. మోటెల్ గదిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టి తెల్లవారుజామున నీ తమ్ముడు పులిహోర కలిపాడు. చింతపండు గుజ్జు సీసాలో కొన్నదే, పోపుకు గరిటె లేదు, రూమ్మేట్ టీ మగ్గులోనే నూనె కాచాడు. వేరుశనగ పలుకులు కాస్త మాడాయి. అయినా ఆ ఎర్రరాతి కింద ఒక మూల నీడ దొరికి డబ్బా మూత తీస్తే ఇంగువ వాసనకు పక్కనున్న ముసలి దంపతులు తిరిగి చూశారు. ఇద్దరికీ చెరో రెండు ముద్దలు పెట్టారు. ఆవిడ పచ్చిమిర్చిని బీన్స్ అనుకుని కొరికింది. రెండో సీసా నీళ్లు అక్కడే అయిపోయాయి.

డబ్బా నూనె కారింది కూడా. నీ తమ్ముడి సంచి మామూలు కొండనడక సంచి. మధ్యలో మెత్తటి గోడల చిన్న పెట్టె, డ్రోన్ అందులో ఉంటుంది. తిండి పైన వేరే అరలో ఉంటుంది కనుక నూనె కింది దాకా దిగలేదు. ఎఫ్-స్టాప్, షిమోడా లాంటి కంపెనీలు ఇలా పెట్టె తీసి పెట్టుకునే సంచులే అమ్ముతాయి, కొన్ని మూడొందల డాలర్లు దాటుతాయి. అవి వీపు ఆనే వైపు నుంచి తెరుచుకుంటాయి. సంచిని బోర్లా పడేసినా మట్టి అంటేది బయటి వైపుకే, వీపుకు కాదు. ఇక్కడి ఎర్ర ఇసుక కెమెరాను నిలకడగా పట్టే గింబల్‌లోకి దూరితే కెమెరా వణుకుతుంది.


ఫ్లాగ్‌స్టాఫ్, ఆరిజోనా. జలుబు

అక్కా,

మోయాబ్‌లో నలభై డిగ్రీలు, ఇక్కడ ఏడు వేల అడుగుల ఎత్తున రాత్రి దుప్పటి కావాలి. ముక్కు మూసుకుపోయింది. మిరియాల చారు అని నోటి దాకా వచ్చి ఆగింది. నీ తమ్ముడు ఎవరిని అడుగుతాడు? వాట్సాప్‌లో మన వాకిట్లో వాన చూపించావు చూడు, అది చూశాక సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదట, రూమ్మేట్ ఫిర్యాదు.

దారిలో హార్స్‌షూ బెండ్, అదీ పార్క్ సర్వీస్ చేతిలోదే. మాన్యుమెంట్ వ్యాలీ నవాహో తెగవాళ్లది, వాళ్లూ డ్రోన్ వద్దంటారు. గ్రాండ్ క్యానియన్ పెద్దదే.

ఎగరేసింది మోయాబ్ బయట ఒక మట్టిరోడ్డు పక్కన, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూమిలో, గాలి లేవక ముందు. నేల నుంచి నాలుగు వందల అడుగులు దాటకూడదు. సరదాకి ఎగరేసే మినీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 250 గ్రాములు, ఆపైన ఉంటే విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకు అయిదు డాలర్లు కట్టి నంబరు తీసుకోవాలి, మూడేళ్లు పనిచేస్తుంది. ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష మాత్రం ఇద్దరికీ తప్పదు. నేషనల్ ఫారెస్ట్‌లలో చాలాచోట్ల ఎగరేయవచ్చు కానీ, 1964 చట్టం కింద వైల్డర్నెస్‌గా ప్రకటించిన భాగంలో లేపకూడదు, దించకూడదు. ఇక్కడి హంఫ్రీస్ శిఖరం అలాంటిదే. అందుకే డ్రోన్లు గదిలోనే ఉన్నాయి, ఇద్దరూ ఉత్త చేతులతో సగం దాకా ఎక్కి దగ్గుతూ దిగారు.

రూమ్మేట్ ఇవాళ ఊళ్లో ఒక నడక సంచి కొన్నాడు. వీపు కొలిపించుకునే కొన్నాడు. పాత సంచి పారేయడానికి మనసొప్పక ఇప్పుడు రెండూ మోస్తున్నాడు.

మన పిల్లలెవరైనా ఇక్కడికొచ్చి డ్రోన్ కొనే ఆలోచనలో ఉంటే చెప్పు: ముందు వీపుకు సరిపోయే నడక సంచి, రెండు సీసాల నీళ్లు పట్టేది. తర్వాత అందులో పట్టే పెట్టె. ఆ పెట్టెలో పట్టే డ్రోన్ ఆఖరున.

బావగారికి ఒక మాట. గృహప్రవేశానికి డ్రోన్ తెమ్మన్నారు కదా, కుదరదు. 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. కస్టమ్స్ వాళ్లు ఆపితే నీ తమ్ముడు చేసేదేమీ ఉండదు. ఊళ్లో పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చేయమను, శ్రావణం వస్తే వాళ్లు దొరకరు.