కృష్ణమ్మ ఒడిలో చిన్న రెక్కలు

పెద్ద విమానం మనల్ని ఊరు దాటిస్తుంది. చిన్న విమానం మన ఊరిని మనకే చూపిస్తుంది. ఆ ఆకాశం కోసం ఇల్లు వదిలి వెళ్లిన బెజవాడ పిల్లలు కొందరైతే, ఆ రెక్కలే కృష్ణ నీళ్ల మీద వాలిన రోజు మరొకటి!

విజయవాడ నుంచి ఏలూరు వైపు వెళ్తుంటే గన్నవరం దగ్గర కొన్ని బండ్లు ఉన్నట్టుండి నెమ్మదిస్తాయి. రోడ్డు మీద అడ్డమేమీ ఉండదు. అందరి చూపూ పైకే... దిగుతున్న విమానం మీదకే. బైకు మీద ముందు కూర్చున్న పిల్లాడు 'నాన్నా, అదిగో!' అని చెయ్యి చాపుతాడు. వాళ్ల నాన్నా వాడితో సమానంగా తలెత్తి చూస్తాడు. చాలామందికి మీసాలొచ్చేసరికి ఈ సరదా తీరిపోతుంది. కొందరికి మాత్రం జీవితాంతం తీరదు.

యుద్ధం వేసిన దారి

కృష్ణా డెల్టాకి విమానం సరదాగా రాలేదు, యుద్ధంతో వచ్చింది. నగరానికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న గన్నవరం మైదానం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక స్థావరం. తాడేపల్లిగూడెం, దొనకొండల్లోని పాత రన్‌వేలూ ఆ కాలంలో వేసినవే. యుద్ధం ముగిశాక గన్నవరం పౌర విమానాలకు దక్కింది. 2003లో ఎయిర్ డెక్కన్ సంస్థ హైదరాబాద్‌కు రోజూ విమానం నడపడం మొదలుపెట్టడంతో మధ్యతరగతి వాళ్లూ విమానం ఎక్కడం గురించి మాట్లాడుకోసాగారు. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. తర్వాత రన్‌వే మూడు కిలోమీటర్లు దాటింది. ఎక్కి కూర్చుని వెళ్లాలనుకునేవాళ్లకు ఇదంతా శుభవార్తే. నడపాలనుకునేవాళ్లు మాత్రం పెట్టె సర్దుకోవాల్సి వచ్చింది.

కారు కన్నా ముందు విమానం

తోటకూర గోపీచంద్ పుట్టింది విజయవాడలో. కారు నడపడం కన్నా ముందే విమానం నడపడం నేర్చుకున్నారు. అమెరికాలో పేరున్న ఎంబ్రీ రిడిల్ ఏరోనాటికల్ విశ్వవిద్యాలయంలో చదివారు. రోగులను దేశాలు దాటించే వైద్య విమానాలు నడిపారు. జెట్ విమానాలు చేతికొచ్చాక చాలామంది చిన్నవాటి వైపు చూడరు. ఆయన అలా కాదు. అడవుల్లో, కొండల్లో మట్టి నేల మీద దిగే బుష్ విమానాలు, గాల్లో పల్టీలు కొట్టేవి, నీళ్ల మీద వాలేవి, ఇంజిన్ లేని గ్లైడర్లు, చివరికి వేడిగాలి బెలూన్లు... ఏదీ వదల్లేదు!

2024 మే 19న బ్లూ ఆరిజిన్ వ్యోమనౌకలో అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చారు. 1984లో వెళ్లిన రాకేశ్ శర్మ తర్వాత అంతరిక్షాన్ని చూసిన భారతీయుడిగా, మన తొలి అంతరిక్ష పర్యాటకుడిగా ఆయన పేరు పత్రికలకెక్కింది. అంతకు మూడేళ్ల ముందు, 2021 జులై 11న, గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్లొచ్చారు. అంటే కృష్ణకు అటో బిడ్డ, ఇటో బిడ్డ!

ఆనీ దివ్యది మరో దారి. పఠాన్‌కోట్‌లో పుట్టినా విజయవాడలోనే పెరిగారు. పైలట్ అవుతానంటే తోటి పిల్లలు నవ్వారు. సైన్యంలో పనిచేసి వచ్చిన తండ్రి మాత్రం నవ్వలేదు, అప్పు చేసి మరీ పంపారు. పదిహేడేళ్ల వయసులో ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరారు. ఇంగ్లిషు సరిగా రాక ఇబ్బందిపడ్డా వెనుదిరగలేదు. పందొమ్మిదేళ్లకే ఎయిరిండియాలో చేరి, ముప్ఫై ఏళ్లకు బోయింగ్ 777 విమానానికి కమాండరయ్యారు. ప్రపంచంలో ఆ హోదా అందుకున్న అతి పిన్న వయస్కురాలిగా 2017లో ఆమె పేరు మారుమోగింది.

మారుతీ కన్నా తేలిక!

అంత పెద్ద బోయింగ్ నడిపేవాళ్లయినా మొదట ఓనమాలు దిద్దేది చిన్న విమానంలోనే. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 152నే తీసుకోండి. రెండే సీట్లు. ఖాళీగా తూస్తే అరటన్నుకు అటూ ఇటూ. మారుతీ 800 కారు కన్నా తేలిక! దాని అన్నయ్య సెస్నా 172లో నలుగురు కూర్చోవచ్చు. 1956 నుంచి ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో మరే విమానాన్నీ ఇన్ని తయారు చేయలేదు.

ఇందులో పైలటే అన్నీ. ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి రెక్కలు, టైర్లు తడిమి చూసుకోవాలి. ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు చిన్న గ్లాసులోకి తీసి, నీళ్లు చేరాయేమో పరీక్షించాలి. ఇంజిన్ ఆయిలు కొలవాలి. పైకి లేచాక కాస్త గాలి వీచినా ఒళ్లంతా తెలుస్తుంది. వేగం మరీ తగ్గితే హెచ్చరిక కూత మోగుతుంది. చిన్న విమానాన్ని ఓసారి ప్రేమించినవాళ్లు మర్చిపోలేకపోయేది ఇందుకే.

మన దేశంలో విద్యార్థి పైలట్ లైసెన్సుకు 16 ఏళ్లు నిండాలి. సొంత సరదాకు నడిపే ప్రైవేటు లైసెన్సుకు 17, ఉద్యోగానికి అవసరమైన కమర్షియల్ లైసెన్సుకు 18. కమర్షియల్ లైసెన్సు చేతికి రావాలంటే 200 గంటలు ఎగరాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అందుకే ఫీజు కట్టే ముందే వైద్య పరీక్ష చేయించుకోవడం మంచిది.

మళ్లీ కాక్‌పిట్‌లోకి...

ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇంటి అప్పు... వీటిలో పడి విమానానికి దూరమైనవాళ్లు ఎందరో. అయితే ఎగిరిన ప్రతి గంటా లాగ్‌బుక్‌లో ఉంటుంది. ఎన్నేళ్లయినా అది చెరిగిపోదు. చెయ్యి మాత్రం మొద్దుబారుతుంది. అందుకే అమెరికాలో ప్రతి పైలటూ రెండేళ్లకోసారి శిక్షకుడి పక్కన కూర్చుని తన పనితనం చూపించాలి. ఎవరినైనా వెంట తీసుకెళ్లాలంటే గత 90 రోజుల్లో కనీసం మూడుసార్లు విమానాన్ని లేపి, దించి ఉండాలి. ఎన్ని వేల గంటలు ఎగిరినవాళ్లకైనా ఇదే నియమం.

వయసు అడ్డా అంటే జేఆర్‌డీ టాటాను చూడాలి. 1929లో మన దేశంలో తొలి పైలట్ లైసెన్సు అందుకున్నారాయన. 1932లో కరాచీ నుంచి బొంబాయికి ఒంటి ఇంజిన్ విమానంలో టపా తెచ్చారు. సరిగ్గా యాభై ఏళ్లకు, 78 ఏళ్ల వయసులో, అదే దారిలో పాతకాలపు లెపర్డ్ మాత్ విమానాన్ని మళ్లీ నడిపారు. మన గోపీచంద్ పక్కన అంతరిక్షానికి వెళ్లిన ఎడ్ డ్వైట్ కథా అలాంటిదే. 1960ల్లో వ్యోమగామి శిక్షణకు ఎంపికైన తొలి నల్లజాతి పైలట్ ఆయన. అప్పట్లో అవకాశం రాలేదు. శిల్పిగా స్థిరపడ్డారు. తొంభయ్యో ఏట అంతరిక్షం చూశారు!

నీళ్లే రన్‌వే

2024 నవంబరు 9న చిన్న విమానమే బెజవాడను వెతుక్కుంటూ వచ్చింది. పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ నీళ్ల మీద నుంచి ట్విన్ ఆటర్ సీప్లేన్ లేచి శ్రీశైలం జలాశయంలో దిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు అందులో ప్రయాణించారు. ఆ నీళ్లు అక్కడ నిండుగా ఉండటానికి కారణం ప్రకాశం బ్యారేజీ. 1855 నాటి ఆనకట్ట స్థానంలో 1957లో పొలాల కోసం కట్టిన బ్యారేజీ, ఇన్నేళ్లకు విమానానికీ రన్‌వే పరిచింది.

నీటి మీద దిగడం అనుకున్నంత తేలిక కాదు. పడవలు, వలలు, ఇసుక మేటలు చూసుకోవాలి. అలలు లేకుండా అద్దంలా ఉన్న నీళ్లంటే పైలట్లకు మరీ భయం. ఎంత ఎత్తున ఉన్నామో కంటికి అందదు.

అలా తక్కువ ఎత్తులో ఎగిరితేనే డెల్టా అసలు రూపం తెలుస్తుంది. బ్యారేజీకి రెండువైపులా చేతివేళ్లలా విడిపోయే కాలువలు... గట్ల వెంట కొబ్బరి చెట్లు... కొల్లేరు వైపు అద్దం ముక్కల్లా మెరిసే చేపల చెరువులు... పులిగడ్డ దగ్గర చీలి దివిసీమను చుట్టుకుని, హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే కృష్ణమ్మ! ముప్ఫై వేల అడుగుల ఎత్తు నుంచి ఇదంతా ఓ పచ్చటి మరక.

అయితే పున్నమి ఘాట్‌లో జరిగింది ప్రదర్శన ప్రయాణం. గుజరాత్‌లో 2020 అక్టోబరు 31న సబర్మతి నుంచి కేవడియాకు అట్టహాసంగా మొదలైన సీప్లేన్ ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. మొదటి ప్రయాణానికి జనం వస్తారు, కెమెరాలు వస్తాయి. వందో ప్రయాణానికి కావాల్సింది టిక్కెట్టు కొనే మనిషి, దగ్గర్లో మరమ్మతు చేసే మెకానిక్కు, నడిపే పైలటు. ఆ మెకానిక్కు, ఆ పైలటు ఇక్కడి పిల్లలే అయిననాడు పున్నమి ఘాట్ నుంచి లేచే విమానం నిజంగా మన ఊరిదవుతుంది. గన్నవరం రోడ్డు మీద చెయ్యి చాపి చూపించే పిల్లలకు మనం కొదవ లేదు కదా!