డమ్మీ సున్నా

మొన్న వేసవిలో భీమవరం దగ్గర మా ఊళ్ళో కూర్చుని ఆఫీసు పని చేస్తున్నా. కొన్ని పాత లినక్స్ సర్వర్లలో డమ్మీ ఇంటర్‌ఫేస్ పెట్టాలి. డమ్మీ అంటే కేబులూ కార్డూ లేని ఉత్తుత్తి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్. పంపిన ప్యాకెట్లు మింగేసి ఊరుకుంటుంది. నిజం కార్డు పడిపోయినా దాని మీద పెట్టిన ఐపీ అడ్రస్ నిలబడి ఉంటుంది, అందుకే వాడతాం.

నా లాప్‌టాప్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు సర్వర్ల మీద మొండికేసింది. డమ్మీ0ని తయారుచెయ్యమంటే, ఆ పేరుతో ఇప్పటికే ఉందంటుంది. నిమిషం ముందు చూశాను, లేదు. ఇప్పుడు చూస్తే ఉంది!

సంగతేమిటంటే, డమ్మీ మాడ్యూల్‌కి నమ్‌డమ్మీస్ అని ఒక ఆప్షన్ ఉంది. మనం ఏమీ చెప్పకపోతే దాని విలువ 1. నేను అడగ్గానే కెర్నెల్ ఆ మాడ్యూల్‌ని లోడ్ చేస్తుంది. అది వస్తూ వస్తూనే తనంతట తాను ఒక డమ్మీ0ని పుట్టిస్తుంది. తర్వాత నా కోరిక దగ్గరికొచ్చేసరికి ఆ పేరు ఖాళీ లేదు. బాండింగ్ మాడ్యూల్‌దీ ఇదే తంతు, అక్కడ ఆప్షన్ పేరు మ్యాక్స్_బాండ్స్. నా లాప్‌టాప్‌లో సిస్టమ్‌డీ ఈ రెంటినీ ముందే సున్నా చేసి పెట్టింది. లేకపోతే ఆ ఇంటర్‌ఫేస్ మనిషి కావాలని పెట్టుకున్నదో, దానంతటది పుట్టిందో తేలదు.

మందు చిన్నదే. మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్లో ఒక ఫైలు, అందులో ఒక్క లైను: ఆప్షన్స్ డమ్మీ నమ్‌డమ్మీస్=0. కాకపోతే అది మాడ్యూల్ లోడయ్యేటప్పుడే పనిచేస్తుంది. ఇప్పటికే లోపలున్నదాన్ని తీసి మళ్ళీ ఎక్కించాలి.

మా తాతయ్య కాలవ మీద లస్కరు. విజ్జేశ్వరం దగ్గర గోదావరిలోంచి మళ్ళిన నీళ్ళకి మా వైపు తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. "పారే నీళ్ళలో తూము బాగుచెయ్యలేంరా, కాలవ కట్టేశాకే" అనేవారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు చెప్పారు, రెండెకరాలూ రొయ్యల చెరువుకి లీజుకిచ్చేశానని. "నువ్వు కాదనవులే అని సంతకం పెట్టేశా."

వరిలో ఏం మిగలట్లేదు, ఆయన లెక్క తప్పని అనలేను. పక్కనున్న బాబాయి చేలోకి ఉప్పు ఊరుతుందేమో అని అడగాలనిపించింది. కానీ నా పేరుతో జవాబు అప్పటికే ఉంది.

ఆయన్ని తప్పుపట్టలేకపోయా. ఇంజినీరింగ్ సీటు నుంచి హైదరాబాద్ ఫ్లాటు దాకా నేను దేనికీ నోరు విప్పలేదు. ఏమీ చెప్పకపోతే విలువ 1.

"నాన్నగారూ, ఇకమీదట నన్ను ఒకమాట అడగండి" అన్నా.

తింటున్న చెయ్యి ఆగింది. "అడిగితే ఏమనేవాడివి?"

"తెలీదు. ఆలోచించేవాణ్ణి."

ఆయనేం మాట్లాడలేదు. మజ్జిగ పోసుకున్నారు.

రాత్రే సర్వర్లన్నిట్లో సున్నా పెట్టి, మాడ్యూల్ తీసి ఎక్కించాను. మర్నాడు పొద్దున్నే చేలోకి పొక్లెయిన్ దిగింది. దాన్ని మాత్రం తీసి మళ్ళీ ఎక్కించే వీల్లేదు. బాబాయి తన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

పదింటికి ఫోన్ మోగింది. నాన్నగారు, చేలోంచి.

"మీ బాబాయి వైపు ఊట నీళ్ళకి బోదె తవ్వించాలంటే మనకి రెండు సెంట్లు పోద్ది. ఏమంటావ్?"