ఉప్పల్, నాచారం శ్రావణం కబుర్లు

ఉప్పల్ రింగ్ రోడ్డులో శ్రావణమాసం ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పాలా? పైన చినుకు, కింద బురద, మధ్యలో ఆటోకి పదిమంది బడిపిల్లలు. నారపల్లి వైపు ఫ్లైఓవర్ స్తంభాలు లేచే నాటికి ఒకటో తరగతిలో ఉన్నవాళ్లు ఇప్పుడు హైస్కూలు యూనిఫాంలో ఆ స్తంభాల కిందే తడవకుండా నిలబడుతున్నారు. ఆ మేరకు వాటివల్ల లాభమే కదా!

ఇక బళ్లలో హడావుడి అంతా జెండా పండగదే. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు సన్మానం, శాలువా, మెమెంటో. ఆ శాలువాలు ఏ పెద్దమనిషి కొలతకు నేస్తారో గానీ, పదిహేనేళ్ల పిల్లకు కప్పితే చీరకట్టంత అవుతుంది. ఫస్టొచ్చినవాళ్లకు చప్పట్లు ఎలాగూ ఉంటాయి. ఇంట్లో తొలిసారి పది పాసైన పిల్లల్ని కూడా స్టేజీ ఎక్కించే బడులంటే నాకు కాస్త ఎక్కువ ఇష్టం. నాచారం పారిశ్రామికవాడలో నైట్ షిఫ్టు దిగి, కంపెనీ చొక్కాతోనే వచ్చి, చివరి వరుస వెనక నిలబడి ఫోన్లో వీడియో తీస్తుంటాడు చూడండి ఒక నాన్న! వీడియోలో సగం ఆయన బొటనవేలే ఉంటుంది.

అన్నట్టు, జెండా పండగకు ఆరు రోజుల ముందే ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో అదే తేదీన ఆదివాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితి బృందం తొలిసారి సమావేశమైంది. అందుకే 1994లో ఆ రోజును ఖాయం చేశారు. మన బళ్లలో మాత్రం ఆ వారమంతా చార్టు పేపరు, ఫెవికాల్, నెమలి ఈకలు. కొమ్ము డ్యాన్సుకు థర్మోకోల్ కొమ్ములు, గుస్సాడీకి అట్ట టోపీలు. గోండుల గుస్సాడీ అసలు దీపావళి నాటి దండారి వేడుకలోది, ఆ టోపీకి పూజ చేసిగానీ పెట్టుకోరు. మార్లవాయి కనకరాజు గారు ఎందరికో ఆ నాట్యం నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఇవన్నీ టీచరమ్మ చెబుతుంటే దిక్కులు చూసిన పిల్లలు, వేషం కట్టినవాళ్లు దీక్ష ముగిసేదాకా స్నానం చేయరనగానే ఒక్కసారిగా సర్దుకు కూర్చుంటారు. ఆ నియమం ఒక్కటీ పాటించడానికి వాళ్లు ఏడాది పొడుగునా సిద్ధమే.

ఇక వేషాలు అవసరం లేని పండగ మన వీధుల్లోనే జరుగుతోంది. నల్లగొండ, పాలమూరు, వరంగల్ తండాల నుంచి వచ్చి ఇక్కడ అద్దెకుంటున్న ఇళ్ల డాబాలు ఈ నెల్లో ఓసారి చూడండి. తీజ్ బుట్టలుంటాయి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టలో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మా పక్క సందులో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె రోజూ పొద్దున్నే మొలకల పక్కన స్కేలు నిలబెట్టి సెంటీమీటర్లు రాసుకుంటుంది. అడిగితే సైన్సు ప్రాజెక్టు అంది. దేవుడికీ టీచరుకూ ఒకే బుట్ట! నన్నడిగితే, ఆదివాసీ దినోత్సవానికి యూట్యూబు చూసి స్టెప్పులు నేర్చుకునే బదులు ఆ పిల్ల నాయనమ్మను బడికి పిలిస్తే పోతుంది. ఆటోఖర్చు నేనిస్తాను. తొమ్మిదో నాడు నిమజ్జనానికి శుభ్రమైన చెరువెక్కడుందని మాత్రం అడగొద్దు, నాచారంలో ఉంటూ ఆ ప్రశ్నేంటి!

అన్నట్టు, బడి వరండాల్లో మాలావత్ పూర్ణ ఫొటో చూసే ఉంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, గురుకుల విద్యార్థిని. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌తో కలిసి. తొలి పాఠాలు నేర్చుకున్నది మన ఉప్పల్‌లో బస్సెక్కితే వచ్చే భువనగిరి గుట్ట మీదే. ఉప్పల్ స్కైవాక్‌లో లిఫ్టు కోసం క్యూ కట్టే మనం ఆ ఫొటో ముందు కాస్త తల దించుకుని పోవాలి.

ఇక క్విజ్ పిల్లలకో ప్రశ్న. గోండీకి సొంత లిపి ఉందా? ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పాత రాతప్రతుల్లో దొరికింది, 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. ఆ లిపిలో బోర్డు మీద తన పేరు రాసుకొచ్చిన తొమ్మిదో తరగతి గడుగ్గాయి, తెలుగులో 'ఋ' రాయమంటే మాత్రం మంచినీళ్లకు వెళ్లాలన్నాడట.

ఇక ఉంటాను. గేటు దగ్గర అలికిడి. నిన్న అట్ట టోపీలతో గెంతిన బృందమే, చేతిలో ఇప్పుడు వినాయకచవితి చందా పుస్తకం. పోయినేడు ఎంతిచ్చానో అందులో రాసే ఉందట!